తాత్కాలికానికి అయ్యే ఖర్చు: కాక్స్ బజార్ శిబిరాల లెక్క

మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింలు తలదాచుకున్న బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో గుడిసెలు రెండు రకాల వెదురు మీద నిలబడతాయి. గుంజలకు లావుపాటి బొరాక్ వెదురు, వాసాలకూ తడికలకూ సన్నని ములి వెదురు వాడతారు. పైన టార్పాలిన్ పట్టా కప్పి తాళ్ళతో బిగిస్తారు. పచ్చిగా నరికి అలాగే పాతిన వెదురుకి ఏడాది తిరిగేసరికి పుచ్చు పడుతుంది. గుంజ కింద సన్నటి తెల్లపొడి రాలడం మొదలైతే లోపల పురుగు చేరినట్టే. టార్పాలిన్ ఎండకు పెళుసెక్కి ఒకటి రెండేళ్ళలో చిరుగుతుంది. అంటే లక్షల మంది తలదాచుకునే పైకప్పును దాదాపు ఏటా ఏదో ఒక మేరకు కొత్తగా వేయాల్సి వస్తుంది.

వెదురు పనికిరాని సరుకని కాదు. మూడేళ్ళు దాటి ముదిరిన బొంగుని నరికి, కణుపుల మధ్య తెరలను పొడవాటి ఇనుప కడ్డీతో పొడిచి, వెలిగారమూ బోరిక్ ఆమ్లమూ కలిపిన తొట్టిలో కొన్ని రోజులు నానబెట్టి, నీడన ఆరనిస్తే అది చాలా ఏళ్ళు నిలుస్తుంది. పురుగు వచ్చేది బొంగులోని పిండి పదార్థం కోసం. వెలిగారం పట్టిన పిండి దానికి పనికిరాదు. అయితే ఈ మందు నీటిలో కరిగే రకం. గుంజ మొదలు తడినేలలో ఉంటే మందు కారిపోయి కుళ్ళు మళ్ళీ మొదలవుతుంది. అందుకే గుంజ నేలకు తగలకుండా కింద కాంక్రీటు దిమ్మో ఇనుప పాదమో ఉండాలి, చూరు బయటికి బాగా రావాలి. 2017లో లక్షల మంది ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఈ జాగ్రత్తలు పాటించే వ్యవధే లేకపోయింది. కావలసిన వెదురు లక్షల్లో, అదీ వెంటనే. లేత, ముదురు అని చూడకుండా దొరికినదల్లా నరికి తెచ్చారు. శుద్ధి తొట్లు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ ఇటుక గోడ ఎందుకు లేదు? అనుమతి లేదు కనుక. రోహింగ్యాలు తిరిగి వెళ్ళిపోతారు, శిబిరం శాశ్వతం కాకూడదు అన్నది బంగ్లాదేశ్ ప్రభుత్వ విధానం. కాబట్టి గుడిసెలకు పక్కా సామగ్రి వాడకూడదు. శిబిరంలో ఏ వస్తువు సంగతి తవ్వినా ఇలాంటి అనుమతి ఒకటో నిషేధం ఒకటో బయటపడుతుంది. సహాయం సరిపోతున్నదా లేదా అన్న చర్చలో సాధారణంగా డబ్బు లెక్కే వినిపిస్తుంది. ఆ డబ్బులో ఎంత భాగం ‘తాత్కాలికం’ అనే మాటను నిలబెట్టడానికే ఖర్చవుతున్నదో లెక్కేస్తే చిత్రం మారిపోతుంది.

నేపథ్యం క్లుప్తంగా. 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ రోహింగ్యాలను దాదాపు దేశం లేనివారిగా మార్చింది. 1978లోనూ 1991-92లోనూ రెండేసి లక్షలకు పైగా జనం సరిహద్దులోని నాఫ్ నది దాటి వచ్చారు. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ సైన్యం సాగించిన దాడులతో కొన్ని నెలల్లోనే 7 లక్షలకు పైగా వచ్చారు. ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాల్లో 33 శిబిరాలు ఏర్పడ్డాయి. అన్నిటికంటే పెద్దది కుతుపాలంగ్–బాలుఖాలి. అక్కడ సుమారు 13 చదరపు కిలోమీటర్లలో 6 లక్షల మందికి పైగా ఉంటారు. లెక్క కడితే మనిషికి 22 చదరపు మీటర్లు కూడా రావు. దారులు, బడులు, కుళాయిలు, మురుగు కాలువలు అన్నీ ఆ 22లోనే. మానవతా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి 45 చదరపు మీటర్లు ఉండాలి. మిగతా సదుపాయాలు శిబిరం బయట ఉంటే 30 చాలంటారు. ఇక్కడ ఆ రెండో లెక్కా అందలేదు.

ఈ ఇరుకే మిగతా తంటాలన్నిటికీ మూలం. మరుగుదొడ్ల సంగతే చూడండి. ప్రమాణం 20 మందికి ఒకటి. తొలి వారాల్లో సంస్థలు పోటీపడి వేల దొడ్లు కట్టాయి. నేలలో మూడు నుంచి అయిదు సిమెంటు వరలు దించి, పైన పలక వేసి, చుట్టూ టార్పాలిన్ కట్టారు. సంఖ్య చూపించడానికి అది బాగానే ఉంది. కానీ ఆ లోతు గుంతలు అంతమంది వాడకానికి కొన్ని వారాల్లోనే నిండిపోయాయి. నిండిన గుంతను తోడే లారీ అక్కడిదాకా రావడానికి దారి లేదు, ఎందుకంటే దారి విడవకుండానే కొండ మీదంతా గుడిసెలు లేచాయి. కొత్త గుంత తవ్వడానికి జాగా లేదు. పక్కనే పది మీటర్ల దూరంలో తక్కువ లోతు బోరింగులు. వానాకాలంలో గుంతలోదీ బోరులోదీ ఒకే నీరు. ఇళ్ళలో బిందెల నుంచి తీసిన నమూనాల్లో అత్యధిక భాగంలో, నీటిలో మలం కలిసిందని చెప్పే ఈ-కొలై బాక్టీరియా కనిపించింది. కట్టే ముందు తోడే దారి ఆలోచించకపోతే ఏమవుతుందో శిబిరాలు కట్టేవారికి ఇంతకు మించిన పాఠం అక్కర్లేదు.

దిద్దుబాటు మెల్లగా జరిగింది. దారి లేని చోట చిన్న పంపులతో మలాన్ని గొట్టాల ద్వారా ఒక తొట్టి నుంచి మరో తొట్టికి తోసి, అక్కణ్ణుంచి శుద్ధి కేంద్రానికి చేర్చడం మొదలుపెట్టారు. అత్యవసరంగా చేసే శుద్ధికి సున్నం వాడతారు. మలంలో సున్నం కలిపి పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) 12 దాకా పెంచి కనీసం రెండు గంటలు ఆ స్థాయిలో ఉంచితే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. సరిగా కలియబెట్టకపోతే మాత్రం పైన పీహెచ్ 12 చూపిస్తుంది, అడుగున క్రిములు బతికే ఉంటాయి. 2019లో ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ నిర్మించిన శుద్ధి కేంద్రం 1.5 లక్షల మంది మలాన్ని శుద్ధి చేయగలిగినది. శరణార్థి శిబిరంలో అంత పెద్దది అంతకుముందు లేదు.

మంచినీటికి తక్కువ లోతు బోరింగుల్ని మూసి, లోతైన బోర్ల నుంచి సౌర పంపులతో కొండమీది ట్యాంకులకు తోడి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదిలారు. ఒక్కో కుళాయికి 250 మందికి మించకూడదు, అది 500 మీటర్లలోపు ఉండాలి, మనిషికి రోజుకు 15 లీటర్లు రావాలి. ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు కుళాయి దగ్గర పరీక్ష చేసి సరిపెట్టుకోవడం. కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే పుస్తకం ప్రకారం పాసే. కానీ ఆ నీరు ఎండలో మోసుకెళ్ళి, లోపల పాచి పట్టిన క్యానులో పన్నెండు గంటలు ఉంటే క్లోరిన్ పూర్తిగా పోతుంది. పరీక్షించాల్సింది చివరి గ్లాసు తాగే వేళకు బిందెలో ఎంత మిగిలిందన్నది. దాన్నిబట్టి ట్యాంకులో మోతాదు పెంచాలి, క్యాను మూతి లోపలికి చెయ్యి దూరేంత వెడల్పుంటే తోమడం వీలవుతుంది కాబట్టి అలాంటివే పంచాలి. టెక్నాఫ్ వైపు కష్టం వేరు. అక్కడ వాడుకోదగిన భూగర్భజలం తక్కువ. వాననీటి చెరువులూ ట్యాంకర్లే గతి.

ఆడవాళ్ళ సంగతి లెక్కల్లో సరిగా కనిపించదు. మరుగుదొడ్ల సంఖ్య సరిపోయినా గడియ లేకపోతే, దారిలో దీపం లేకపోతే చీకటి పడ్డాక వాళ్ళు వాడరు. పగలంతా నీళ్ళు తాగడం తగ్గిస్తారు. స్నానానికి తావు లేక గుడిసెలోనే ఒక మూల నేల తడుపుకుంటారు, ఆ నీరు గుంజ మొదట్లోకే చేరుతుంది. వెదురు కుళ్ళడానికి అదో కారణమని గుడిసెలు బాగుచేసే పనివాళ్ళకు బాగా తెలుసు.

ఇక పొయ్యి. తొలి ఏడాది శిబిరాలకు రోజుకు దాదాపు 700 టన్నుల కట్టెలు కావలసి వచ్చేవని అంచనా. చుట్టూ ఉన్న రిజర్వు అడవి కళ్ళముందే బోడి గుట్టలైంది. చెట్లు కొట్టాక వేళ్ళు కూడా తవ్వుకున్నారు. వేరు పోయిన ఇసుకమట్టి కొండ వానకు జారుతుంది. పైగా ఆ అడవి ఆసియా ఏనుగుల దారి. శిబిరాలు ఆ దారికి అడ్డుగా లేచాయి, మొదటి నెలల్లోనే ఏనుగుల తొక్కిడికి పదిమందికి పైగా చనిపోయారు. తర్వాత మంచెలు కట్టి, శరణార్థి యువకులకే శిక్షణ ఇచ్చి కాపలా పెట్టారు.

2018 ద్వితీయార్ధం నుంచి ఇంటింటికీ 12 కిలోల గ్యాస్ బండ, పొయ్యి ఇవ్వడం మొదలైంది. కుటుంబంలో మనుషుల సంఖ్యను బట్టి బండ మార్చుకునే గడువు నిర్ణయిస్తారు. శిబిరాల పక్కనున్న స్థానిక కుటుంబాలకూ ఇచ్చారు, లేకపోతే కట్టెల కొట్టుడు చేతులు మారేదే తప్ప ఆగేది కాదు. ఈ కార్యక్రమం బహుశా అక్కడ జరిగిన అన్ని పనుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చింది. కట్టెల కోసం అడవికి వెళ్ళే ఆడపిల్లల మీద దాడులు తగ్గాయి. గుడిసెలో పొగ తగ్గింది. గుట్టల మీద గడ్డి మళ్ళీ మొలిచింది. జారే వాలుల మీద మట్టిని పట్టుకోవడానికి వట్టివేరు నాటారు. దాని వేళ్ళు నిలువుగా లోతుకు దిగుతాయి కనుక ఆ పనికి అంతకు మించినది లేదు. అయినా వట్టివేరు ఆపగలిగేది కొంతే. 2021 జులై చివర్లో ఒక్కరోజులో 300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినప్పుడు కొండచరియలు గుడిసెల మీద పడ్డాయి.

గ్యాస్, వెదురు, టార్పాలిన్ ఒక్కచోట ఉంటే నిప్పు గురించి చెప్పక్కర్లేదు. 2021 మార్చి 22న రేగిన మంటల్లో సుమారు 10,000 గుడిసెలు బూడిదై 45,000 మంది నిలువ నీడ లేనివారయ్యారు. 2023 మార్చి 5న మళ్ళీ దాదాపు 2,000 గుడిసెలు. గుడిసెకూ గుడిసెకూ మధ్య కనీసం రెండు మీటర్లు, కొన్ని వరుసలకోసారి మంట దాటలేనంత ఖాళీ జాగా ఉండాలన్నది ప్రమాణం. ఖాళీ ఎక్కడిది? పైగా శిబిరాల చుట్టూ వేసిన ముళ్ళకంచె 2021లో పారిపోయేవారికి అడ్డమైందన్న ఆరోపణలు గట్టిగా వచ్చాయి. కాలిపోయిన తర్వాత మళ్ళీ అదే వెదురు, అదే టార్పాలిన్, దాదాపు అవే సందులు.

తిండి దగ్గరికి వస్తే ప్రమాణం మనిషికి రోజుకు 2,100 కిలోకాలరీలు. దాన్ని సంచిలోకి దించితే సుమారు 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 50 గ్రాముల బలవర్ధక పిండి, కొంచెం చక్కెర, ఉప్పు. మొదట్లో సరుకులే పంచారు. పంచిన బియ్యంలో కొంత శిబిరం గేటు దగ్గర చవగ్గా అమ్ముడుపోయేది. దీన్ని మోసమని పత్రికల్లో రాశారు కానీ అందులో మోసమేమీ లేదు. పదిహేను రోజులకోసారి బియ్యం, పప్పు, నూనె మాత్రమే ఇస్తే మిరపకాయలు, ఉల్లిపాయలు, ఎండుచేప ఎక్కణ్ణుంచి వస్తాయి? బియ్యం అమ్మి కొనుక్కోవాలి. సంచిని సగం ధరకు అమ్మి, కావలసినవి పూర్తి ధరకు కొనడం వల్ల నష్టపోయేది ఆ కుటుంబమే. తర్వాత ప్రపంచ ఆహార కార్యక్రమం కార్డు పద్ధతికి మారింది. నెలకు ఇంత అని కార్డులో జమవుతుంది, నిర్ణయించిన దుకాణాల్లో కుటుంబం తనకు కావలసినవి తీసుకుంటుంది. చేతికి నగదు మాత్రం రాదు.

ఆ జమ మొత్తం చరిత్ర చూస్తే దాతల ఓపిక ఎలా కరిగిందో తెలుస్తుంది. మనిషికి నెలకు 12 డాలర్లు ఉండేది. 2023 మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గింది. రోజుకు 27 సెంట్లు, అప్పటి మారకంలో దాదాపు 22 రూపాయలు. ఆ ఏడాది చివరికి పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం 15.1 శాతానికి చేరింది. 15 దాటితే అత్యవసర పరిస్థితి కింద లెక్క. 2024లో మళ్ళీ 10కి, తర్వాత 12.50కి పెంచారు. 2025 మార్చిలో 6కి తగ్గిస్తామని ప్రకటించి, ఆఖరి నిమిషంలో డబ్బు సర్దుబాటై 12 దగ్గర ఆగారు. రేషన్ తగ్గినప్పుడు తొలి వారంలో పూటలు తగ్గుతాయి. తర్వాత అప్పులు మొదలవుతాయి. ఆ తర్వాత పెళ్ళి వయసు రాని ఆడపిల్లకు పెళ్ళి, మగపిల్లాడికి మలేషియా వెళ్ళే దొంగ పడవ. రేషన్ పెంచినా వీటిలో చివరి రెండూ వెనక్కి రావు.

ఇక్కడే ‘తాత్కాలికం’ అసలు ధర బయటపడుతుంది. పని చేయగల లక్షల చేతులున్న చోట పని చేయడానికి చట్టపరమైన హక్కు లేదు. సంస్థల దగ్గర స్వచ్ఛంద సేవకుల పేరుతో చిన్న భత్యానికి చేసే పనులే దిక్కు. దాంతో తిండిలో ప్రతి రూపాయీ బయటినుంచే రావాలి. 2025 సంవత్సరానికి శరణార్థులూ స్థానికులూ కలిపి 14.8 లక్షల మంది కోసం దాతలను అడిగిన మొత్తం 93.45 కోట్ల డాలర్లు. నిషేధం ఉన్నంత మాత్రాన జనం పని మానరు. ఉఖియా, టెక్నాఫ్‌లలో దొంగచాటుగా పొలాలకూ ఉప్పుమళ్ళకూ వెళ్తారు. దొంగచాటు పని కనుక ఎంత ఇస్తే అంత పుచ్చుకుంటారు. దాంతో స్థానిక కూలీకి కూడా రేటు పడిపోతుంది. స్థానిక కూలీ తన కోపం శరణార్థి కూలీ మీదే చూపిస్తాడు, నిషేధం పెట్టినవారి మీద కాదు. ఆ కోపం కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ రెండు ఉపజిల్లాల్లో స్థానికులకన్నా శరణార్థుల సంఖ్యే ఎక్కువ.

చదువుదీ అదే తర్కం. బాంగ్లా పాఠ్యక్రమం నేర్పితే ఇక్కడే ఉండిపోతారన్న భయంతో దాన్ని అనుమతించలేదు. ఏళ్ళ తరబడి ఏ దేశపు పరీక్షకూ పనికిరాని పాఠాలతో, వెదురు గదుల్లో పూటల వారీగా ‘అభ్యాస కేంద్రాలు’ నడిచాయి. 2021 చివర్లో మయన్మార్ పాఠ్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆలోచన మంచిదే కానీ ఆ చదువుకు గుర్తింపు పత్రం ఇచ్చేదెవరన్నది అప్పటికి తేలలేదు.

పక్కా ఇళ్ళు కడితే చాలా? అదీ కాదని భాసన్ చర్ చూపిస్తుంది. బంగాళాఖాతంలోని ఆ బురద దీవి మీద ప్రభుత్వం లక్ష మందికి కాంక్రీటు గదులు, తుఫాను ఆశ్రయాలు, చుట్టూ కరకట్ట కట్టి 2020 డిసెంబరు నుంచి జనాన్ని తరలించింది. గోడకు పుచ్చు పట్టదు, దారులు వెడల్పు. అయినా చేరినది అనుకున్నదాంట్లో మూడో వంతు. వెళ్ళినవాళ్ళలో కొందరు పడవలెక్కి పారిపోతూ మునిగిపోయారు కూడా. సంత లేదు, పని లేదు, బంధువులు కుతుపాలంగ్‌లో. గట్టి గోడ ఒక్కటే జీవనం కాలేదు.

మరి పని చేసుకునే అనుమతి ఇస్తే? ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పని హక్కు, తిరిగే హక్కు ఇచ్చింది. 2016లో దక్షిణ సూడాన్ నుంచి జనం పోటెత్తినప్పుడు అక్కడి బిడి బిడి శరణార్థి స్థావరంలో కుటుంబానికి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున్న స్థలం ఇచ్చారు. సహాయంలో 30 శాతం స్థానికులకు ఖర్చు పెట్టాలన్న నియమం ఉంది. ఆదర్శంగా చెప్పుకునే ఈ నమూనాకూ లోపాలున్నాయి. 900 చదరపు మీటర్లంటే ఎకరంలో నాలుగో వంతు కన్నా తక్కువ. రాళ్ళనేలలో, వానాధారంగా అది కుటుంబానికి ఏడాది తిండి పండించదు. జనం పెరిగేకొద్దీ కొత్తవారికి ఇచ్చే ముక్క చిన్నదవుతూ వచ్చింది. 2018లో వేలిముద్రలు, కంటిపాప ఆధారంగా మళ్ళీ లెక్కిస్తే అనుకున్న 14 లక్షలకు బదులు 11 లక్షలే తేలారు. దొంగ పేర్ల కుంభకోణంతో దాతలు వెనకాడారు. అయినా తేడా ఉంది. అక్కడ రేషన్ తగ్గితే ఒకడు బోడాబోడా అనే అద్దె బైకు నడుపుకోవచ్చు, ఒకామె ఊరి సంతలో టమాటాలు అమ్ముకోవచ్చు. కాక్స్ బజార్‌లో ఆ దారి లేదు.

తెలుగువారికి ఈ సంగతి మరీ పరాయిదేమీ కాదు. మన తాతలు రంగం అని పిలిచిన బర్మా నుంచి 1942లో యుద్ధానికి భయపడి కాలినడకన బయల్దేరిన భారతీయుల్లో తెలుగువారు ఎందరో. ఆ దారుల్లో ఒకటి ఇదే అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు సాగింది. 1964లో బర్మా ప్రభుత్వం వ్యాపారాల్ని జాతీయం చేశాక మరో లక్షకు పైగా భారతీయులు ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసింది. వారికి రుణాలివ్వడానికి 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. ఇప్పుడు అక్కడ క్యాంపు అన్నది పేరులోనే మిగిలింది. మిగతాదంతా మామూలు పేట. ఇల్లు కొనుక్కోవడానికి, ఉద్యోగానికి పరీక్ష రాయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు కనుక. వారు చట్టం కళ్ళలో మన పౌరులు. రోహింగ్యాలకు లేనిది సరిగ్గా అదే.

హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో కొన్ని వేల మంది రోహింగ్యాలు ఉంటున్నారు. ఇక్కడ రేషన్ లేదు, ముళ్ళకంచె లేదు. ప్రైవేటు స్థలంలో అద్దె కట్టి గుడిసెలు వేసుకుంటారు, చెత్త ఏరడమో దినకూలీనో చేస్తారు. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఐరాస శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు చేతిలో ఉన్నా ఆధార్ రాదు, ఆధార్ లేనిదే బ్యాంకు ఖాతా నుంచి సిమ్ దాకా ఏదీ తేలిక కాదు. కష్టపడితే పూట గడుస్తుంది, కానీ కూడబెట్టిన నాలుగు డబ్బులు దాచుకునే చోటుండదు.

మళ్ళీ కాక్స్ బజార్‌కు వస్తే, 2018 నవంబరులోనూ 2019 ఆగస్టులోనూ శరణార్థుల్ని మయన్మార్‌కు తిరిగి పంపడానికి బస్సులు సిద్ధం చేస్తే ఒక్కరూ ఎక్కలేదు. పౌరసత్వం సంగతి తేలకుండా వెళ్ళి ఏం చేస్తారు? 2024లో రోహింగ్యాల సొంత ప్రాంతమైన రఖైన్‌లో (పాత పేరు అరకాన్) యుద్ధం ముదిరాక ప్రవాహం మళ్ళీ ఇటే తిరిగింది. 2025 మధ్యకల్లా దాదాపు 1.5 లక్షల మంది కొత్తగా చేరారు. వారిలో చాలామంది ముందే వచ్చిన బంధువుల గుడిసెల్లో సర్దుకున్నారు. మనిషికి పైకప్పు కింద మూడున్నర చదరపు మీటర్లన్నది కనీస ప్రమాణం. అయిదుగురి కుటుంబానికి పదిహేడున్నర. అంత ఉన్న గుడిసెలోకే మరో నలుగురు వస్తే మనిషికి మిగిలేది రెండు చదరపు మీటర్ల కన్నా తక్కువ. అందరూ ఒకేసారి నిద్రపోవడమే కష్టం.